తాతాజీ జడ

మా మల్కాజ్‌గిరి ఇంట్లో కింది రెండు గదుల్లో ఇప్పటిదాకా చాలామంది అద్దెకుండి వెళ్లారు. వాళ్లలో కొందరి పేర్లు మర్చిపోయాను, కొందరివి కావాలనే మర్చిపోయాను. లోవలక్ష్మిని మాత్రం మర్చిపోవడం నా వల్ల కాలేదు. చూడ్డానికి ఏమంత ప్రత్యేకమైన మనిషి కాదు. సన్నగా, నల్లగా, తల వంచుకుని నడిచేది. నీళ్లొచ్చే వేళ కుళాయి దగ్గర తన బిందెను అందరి వెనకాల పెట్టేది. ఎవరైనా దాన్ని ఇంకా వెనక్కి నెట్టినా నోరెత్తేది కాదు. అలాంటివాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దేవుడు నోరిచ్చింది అన్నం తినడానికొక్కదానికేనా అని ఒకసారి అడిగేశాను. నవ్వి ఊరుకుంది. ఆ నవ్వుకు నాకింకా మండింది.

నా పేరు ప్రేమమణి. మా ఆయన రైల్వేలో గార్డు. రిటైరైన మరుసటేడే కన్నుమూశాడు. పిల్లలు లేరు. మిగిలింది ఈ ఇల్లు, చర్చిలో నా కుర్చీ, ఒక ఫోను. ఆ ఫోనును చిన్న చెక్కపెట్టెలో పెట్టి తాళం వేసేదాన్ని. వీధిలో వాళ్లంతా దాని గురించి వెనకాల నవ్వుకునేవారని నాకు తెలుసు. నవ్వుకోనీ, బిల్లు కట్టేది నేనే కదా.

మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. మా వీధిలో ప్రతి ఇంటి కుర్రాడూ అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సు నేర్చుకుంటూ ఉండేవాడు. లోవలక్ష్మి భర్త దేముడుబాబు మాత్రం కంప్యూటర్ ముట్టుకోకుండానే ఆ కంపెనీలను నమ్ముకుని వచ్చాడు. తునికి అవతల ఏదో పల్లె వాళ్లది. ఇక్కడ కాల్ సెంటర్ పిల్లల్ని ఇళ్ల నుంచి ఎక్కించుకుని వెళ్లి, మళ్లీ తెచ్చి దింపే క్వాలిస్ బండి నడిపేవాడు. ఊరు పడుకున్నప్పుడు బండి మీద ఉండేవాడు, ఊరు లేచాక పడుకునేవాడు. ఆ ఇంట్లో మగమనిషి ఉన్నాడనడానికి గుమ్మం ముందు చెప్పులు తప్ప ఇంకో ఆధారం ఉండేది కాదు.

అతని తల్లి అప్పలకొండమ్మ కూడా వాళ్లతోనే ఉండేది. గొంతు పెద్దది. వెనక మెట్ల మీద కూర్చుని చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. మొదటిసారి చూసినప్పుడు నోరు కాలి చచ్చిపోతుందని కేకలు వేశాను. ఆమె తాపీగా చుట్ట బయటికి తీసి, "మా ఊళ్లో ఆడోళ్లందరం ఇలాగే కాలుస్తామమ్మా, నువ్వో దమ్ము లాగుతావేటి?" అంది. ఆ తర్వాత ఇద్దరం రోజూ పోట్లాడుకునేవాళ్లం. పోట్లాటైనా, మాట్లాడే మనిషి దొరికిందని లోపల సంతోషపడేదాన్ని.

ఇక తాతాజీ. చనిపోయిన తాతగారి పేరు వాడికి పెట్టారు. నాలుగున్నరేళ్లవాడు తాతాజీ ఏమిటని మేమంతా నవ్వేవాళ్లం. వాడికి నడుం దాకా జడ. లోవలక్ష్మికి వాడికి ముందు రెండు కాన్పులు కడుపులోనే పోయాయట. ఈసారి బిడ్డ దక్కితే ఐదేళ్లు నిండేదాకా తల మీద కత్తెర పెట్టకుండా పెంచి, ఆ పుట్టువెంట్రుకలన్నీ తుని దగ్గర లోవలో తలుపులమ్మ తల్లికి ఇస్తానని అప్పలకొండమ్మ మొక్కుకుంది. అందుకని మనవడికి తనే నూనె రాసి, తనే జడ వేసి, ఎర్ర రిబ్బను కట్టేది. శుక్రవారం మల్లెపూలు కూడా పెట్టేది. కూరల బండివాడు "పాపా" అంటే వాడు నడుం మీద చేతులు పెట్టుకుని, "నేను పాపని కాదు, తాతాజీని" అని దబాయించేవాడు.

తల్లి మింగేసిన మాటలన్నీ వాడే మాట్లాడేవాడు. పొద్దున్నే మెట్లెక్కి పైకొచ్చి కూర్చునేవాడు. "మామ్మగారండీ, మీ ఫోనుకి తాళమెందుకండీ? అది పారిపోద్దా?" అనేవాడు. నన్ను అంతవరకూ ఎవరూ మామ్మగారని పిలవలేదు. నాకది నచ్చిందని వాడికి చెప్పలేదు.

దసరా సెలవుల తర్వాత వాడి మెడ కొంచెం ఎడమవైపుకి వాలడం మొదలైంది. ముందు మేం ఎవరం పట్టించుకోలేదు. తర్వాత అందరికీ ఒకే కారణం తోచింది. అంత చిన్న తలకి అంత జడ ఉంటే మెడ వాలక ఏమవుతుంది? "గింత బరువు మోస్తే పిల్లోని మెడ ఇరుగుతది, కత్తిరించి పారెయ్ రాదు" అన్నాను. అప్పలకొండమ్మ చెవులు మూసుకుంది. "ఇంకో ఆర్నెల్లేనమ్మా, ఐదేళ్లు నిండగానే లోవ ఎల్లిపోతాం, అలాగనమాక" అంది. ఆమె కూడా బాగా ఆలోచించి ఒక ఉపాయం చేసింది. ఒక జడ విప్పి, బరువు రెండు పక్కలకీ సమంగా పడేలా రెండు జడలు వేసింది. అవి వేసుకుని వాడు వీధంతా తిరిగి చూపించుకున్నాడు. మెడ మాత్రం ఎడమవైపుకే వాలింది.

అప్పుడే పొద్దున లేవగానే వాంతులు మొదలయ్యాయి. వాంతి అయిన కాసేపటికి లేచి ఆడుకునేవాడు. కాబట్టి పైత్యమన్నారు. జీలకర్ర నమిలించారు, కషాయం పోశారు. వీధి చివర ఉన్న డాక్టరు నులిపురుగుల మందిచ్చాడు. ఆ తర్వాత వాడు కాళ్లు ఎడంగా పెట్టి నడవడం, ఉత్త నేల మీద తూలి పడటం కనిపించింది. దిష్టి తీశారు. ఒకరోజు పైకొచ్చి, "మామ్మగారండీ, మీ ఫోన్లు రెండున్నాయండీ" అన్నాడు. నేను తమాషా అనుకుని నవ్వబోయి, వాడి కళ్లు చూశాను. ఒక నల్లగుడ్డు ముక్కువైపుకి తిరిగిపోయి ఉంది. కిందికి దిగి లోవలక్ష్మితో, "ఇంక కషాయాలు బంద్ చెయ్యి. సికింద్రాబాద్ పోయి కండ్ల డాక్టర్‌కి చూపించు, ఈ దినమే" అన్నాను.

భర్త పడుకుని ఉన్నాడు. లేపడానికి ఆమెకు మనసు రాలేదు. ఒక్కతే వాడిని ఎత్తుకుని బస్సెక్కింది. కళ్ల డాక్టరు వాడి కంట్లోకి లైటు వేసి చూసి, కంటి వెనక నరం ఉబ్బిందని, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లి తల స్కాన్ తీయించమని చెప్పాడు. అక్కడి నుంచి అటే వెళ్లింది. ఆ రోజు ఎవరితో ఏం మాట్లాడిందో, ఎక్కడ ఏ కాగితం చూపించిందో, ఆ తల వంచుకునే మనిషి ఆ జనంలో ముందుకెలా వెళ్లిందో నాకిప్పటికీ తెలియదు. సాయంత్రం ఆసుపత్రి నుంచి నా ఫోనుకి చేసి, "బాబుని ఉంచేసేరండి, అత్తకి సెప్పండి" అంది.

మర్నాడు పొద్దున్నే క్యారియర్ తీసుకుని నేనూ అప్పలకొండమ్మా వెళ్లాం. వాడు మంచం మీద మగతగా పడుకుని ఉన్నాడు. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసేస్తున్నాడు. జ్ఞానశేఖర్ అనే సర్జన్ మమ్మల్ని పక్కకి పిలిచి ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించాడు. అందులో నాకు కనబడిందల్లా ఒక తెల్లని మచ్చ.

"తల వెనక, మెడకి కొంచెం పైన, చిన్నమెదడు ఉంటుందమ్మా. తూలకుండా నడవాలన్నా, గ్లాసు తిన్నగా నోటికి పట్టుకెళ్లాలన్నా దాని పనే. అక్కడ గడ్డ లేచింది. మెదడులో ఎప్పుడూ నీరులాంటిది ఊరుతూ పారుతూ ఉంటుంది. ఆ దారికి ఈ గడ్డ అడ్డం పడింది. పోయే దారి లేక నీరు లోపలే నిండుతోంది. రాత్రంతా పడుకుని లేచేసరికి ఒత్తిడి పెరుగుతుంది, అందుకే పొద్దున వాంతులు."

"మరి మెడండి?" అంది లోవలక్ష్మి.

"అలా వాలిస్తే వాడికి కాస్త సుఖంగా ఉండి ఉంటుంది. పిల్లలు వాళ్లకి వాళ్లే కనిపెట్టుకుంటారు."

"జడ బరువు వల్ల కాదాండి?"

ఆయనకి ఆ ప్రశ్న అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వలేదు. "జడకీ దీనికీ సంబంధం లేదమ్మా. మీరు పెట్టిన తిండి వల్లా కాదు, మీరు చేసిన ఏ తప్పు వల్లా కాదు. ఇది ఎందుకొస్తుందో మాకూ తెలీదు" అన్నాడు. తర్వాత అసలు మాట చెప్పాడు. పిల్లవాడికి మగత పెరుగుతోంది. ఇవాళే తల తెరిచి, నీరు దించి, గడ్డ తీయాలి. రేపటిదాకా ఆగితే ఏమవుతుందో చెప్పలేడు. ఆపరేషన్ అయ్యాక కొందరు పిల్లలకి నడక తూలుతుంది, కొందరికి కొన్నాళ్లు మాట ఆగిపోతుంది. అది కూడా ముందే చెప్పాడు. ఆ చివరి మాట మేమెవరం సరిగ్గా చెవిన పెట్టలేదు. జుట్టంతా తీసేయాలన్న మాట మాత్రం అప్పలకొండమ్మ విన్నది.

"ఒద్దు బాబూ. ఒక్క రెండ్రోజులు ఆగండి. సాయంత్రం గోదావరి రైలెక్కితే తెల్లారేసరికి తునిలో దిగుతాం. అమ్మోరికి జుట్టిచ్చేసి ఎనక్కి తెచ్చేస్తాం. అప్పుడు మీకేటి కావాలంటే అది సేసుకోండి" అని చేతులు జోడించింది.

"రైలు దిగేదాకా వాడు ఉండకపోవచ్చమ్మా" అన్నాడాయన.

దేముడుబాబు అందుబాటులో లేడు. ముందురోజు కబురు రాకముందే కంపెనీవాళ్లని శ్రీశైలం తీసుకెళ్లాడు, ఆ అడవిలో సెల్‌ఫోన్ పలకదు. సంతకం పెట్టాల్సిన మనిషి ఒక్కతే ఉంది. ఆమె ఎప్పుడూ ఏ విషయంలోనూ ముందు నిలబడ్డ మనిషి కాదు. అప్పలకొండమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "ఒలే, ఆ తల్లి పెట్టిన బిచ్చమే వీడు. అమ్మోరికిస్తానన్నది ఇంకెవడో కోసి పారేస్తే ఊరుకుంటాదేటే? నువ్వు సంతకం ఎడితే ఇంక నాతో మాటాడకు" అంది.

లోవలక్ష్మి అత్త చేతిని మెల్లగా విడిపించుకుంది. నర్సు చూపించిన చోట తన పేరు పూర్తిగా, బడిపిల్ల రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. రాసి, పెన్ను తిరిగి ఇచ్చేటప్పుడు అందరికీ చెబుతున్నట్టు, "నాకు బాబు కావాలండి" అంది. ఆమె గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. జుట్టు తీసే మనిషి రెండు జడలూ రిబ్బన్లతో సహా కత్తిరిస్తుంటే అప్పలకొండమ్మ గోడవైపు తిరిగి నిలబడింది.

ఆపరేషన్ సాయంత్రం దాకా సాగింది. గడ్డ దాదాపు అంతా తీశామని చెప్పారు. నేను ప్రభువుకి స్తోత్రం చెప్పుకుని లోవలక్ష్మి కోసం చూస్తే కనిపించలేదు. వార్డులో ఊడ్చే ఆమె వెనకాల తిరుగుతోంది. పొద్దున కత్తిరించిన జుట్టు ఎక్కడ పడేశారని అడుగుతోంది. చెత్త ఎప్పుడో ఎత్తేశారట. అయినా ఆసుపత్రి వెనక కుప్పల దాకా వెళ్లి చూసొచ్చింది. పసుపు పచ్చ సంచులు, దూది, కుక్కలు తప్ప ఏమీ లేవు. నాకు కోపమొచ్చింది. "లోపల పిల్లోడు బతికిండు, నువ్వు ఎంటికల కోసం పరేషాన్ అవుతున్నవా?" అన్నాను. "దొరికితే అత్త సేతికిద్దామనుకున్నానండి" అంది.

మర్నాడు వాడు కళ్లు తెరిచి "నీళ్లు" అన్నాడు. "అమ్మా" అని కూడా అన్నాడు. అందరం ఏడ్చాం. అప్పలకొండమ్మ కూడా గాజు తలుపు అవతల నిలబడి కళ్లు తుడుచుకుంది. ఇంకో రోజు గడిచాక వాడి మాట పోయింది.

పోవడమంటే పూర్తిగా పోయింది. కళ్లు తెరిచి ఉండేవాడు, చూసేవాడు, ఏడ్చేవాడు. ఏడుపులో కూడా సన్నని కూత తప్ప మాట లేదు. మెడ నిలిపేవాడు కాదు. బొమ్మ ఇస్తే చెయ్యి చాచేవాడు కాదు. ఫోను పారిపోద్దా అని అడిగిన ఆ పిల్లవాడు పిలిస్తే పలకడం లేదు.

"సూసేవా? అమ్మోరు మాట పట్టుకుపోయింది" అంది అప్పలకొండమ్మ. ఊరెళ్లే ముందు ఆమె కోడలితో అన్న ఆఖరి మాట అదే. ఆ సాయంత్రమే గోదావరి ఎక్కేసింది. శ్రీశైలం నుంచి వచ్చిన దేముడుబాబు కొడుకు మంచం పక్కన చాలాసేపు నిలబడ్డాడు. పెళ్లాన్ని తిట్టలేదు, కొట్టలేదు. "ఒక్కరోజు ఆగుంటే సరిపోయేది కదే" అన్నాడు. అని బండి తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటేనే నయం అనిపించింది నాకు.

డాక్టరు మళ్లీ కూర్చోబెట్టి చెప్పాడు. చిన్నమెదడు నడిమధ్య గడ్డ తీసిన పిల్లల్లో కొందరికి ఇలా అవుతుందట. ఒకటి రెండు రోజులు మాట్లాడి, తర్వాత ఆగిపోతారట. వాడికి వినబడుతోంది, మాట్లాడే దారే కొన్నాళ్లు పని చేయడం లేదు. కొందరికి వారాల్లో వస్తుంది, కొందరికి నెలలు పడుతుంది. వచ్చాక కూడా కొంచెం తడబాటు ఉండొచ్చు. "మీరు మాత్రం మాట్లాడటం ఆపకండి. వాడు జవాబివ్వకపోయినా మాట్లాడుతూనే ఉండండి" అన్నాడు.

లోకంలో ఇంకెవరికి ఆ పని చెప్పినా ఇంత కష్టమయ్యేది కాదు. లోవలక్ష్మి మాట్లాడటం మొదలుపెట్టింది. మొదట్లో మాటకీ మాటకీ మధ్య చాలాసేపు వెతుక్కునేది. "ఇది గోడ... అది ఫ్యాను... తిరగతంది" అనేది. పక్క మంచాల వాళ్లు వింత చూసేవారు.

తీసిన గడ్డను పరీక్ష చేస్తే అది క్యాన్సర్ జాతిదని తేలింది. పిల్లల్లో వచ్చేవాటిలో మందుకి లొంగే రకమే, చాలామంది బతుకుతారు, అందరూ కాదు, అని జ్ఞానశేఖర్ దాచకుండా చెప్పాడు. కుట్లు మానాక తలకీ వెన్నుకీ రేడియేషన్ ఇవ్వాలి. మా వైపు దాన్ని కరెంటు పెట్టడం అంటారు. ఆదివారం, శనివారం తప్ప ప్రతిరోజూ, ఆరు వారాలు. ఆ తర్వాత ఏడాది పైగా సూదిమందులు. వాడు బతికినా ఎత్తు తక్కువే పెరగొచ్చు, చదువులో వెనకబడొచ్చు. లోవలక్ష్మి అన్నిటికీ తలూపింది. చివర్లో ఒకటే అడిగింది. "మాట వస్తాదాండి?"

"వస్తుందనే అనుకుంటున్నాను" అన్నాడాయన. ఆమె ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చింది.

పొద్దున్నే, వాడి కడుపు ఖాళీగా ఉండగానే బయల్దేరేది. మత్తిచ్చి పడుకోబెడితేగానీ అంత చిన్నపిల్లవాడు కదలకుండా ఉండడు, మత్తివ్వాలంటే ఏమీ తినకూడదు. వాడు తినడు కాబట్టి ఆమె కూడా తినేది కాదు. వాడిని భుజాన వేసుకుని మల్కాజ్‌గిరి స్టేషన్‌లో లోకల్ ఎక్కేది, సికింద్రాబాద్‌లో దిగి బస్సెక్కేది. దారి పొడుగునా మాట్లాడేది. చెప్పడానికి ఏమీ మిగలనప్పుడు ఊరికి వెళ్లే రైలు స్టేషన్లు చెప్పేది. కాజీపేట, వరంగల్లు, ఖమ్మం, బెజవాడ, ఏలూరు, రాజమండ్రి, సామర్లకోట. "అదిగో తునొచ్చేసింది, దిగుదామా బాబూ?" అని ఆగి వాడి మొహంలోకి చూసేది. వాడు ఏమీ అనేవాడు కాదు. మళ్లీ కాజీపేట నుంచి మొదలుపెట్టేది. పక్కన కూర్చున్నవాళ్లు ఈమెకేదో మతి చెడిందనుకుని సర్దుకుని దూరం జరిగేవారు.

ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. వాడి మొహం అచ్చుతో చేసిన తొడుగు ఒకటి అక్కడ పేరు రాసి పెట్టి ఉంది. వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ రేకును మొహం మీద పరిచి చేశారట, జల్లెడలా ఒళ్లంతా చిల్లులు. దాన్ని తొడిగి బల్లకి బిగిస్తే తల వెంట్రుకవాసి కూడా కదలదు. అందరూ బయటికొచ్చేశారు. గోడంత మందం తలుపు మూసుకుంది. లోపల ఆ పిల్లవాడొక్కడే. బయట బెంచీ మీద ఈమె ఒక్కతే. వాడికి వినబడదు కాబట్టి అప్పుడు మాట్లాడక్కర్లేదు. కాసేపు ఊపిరి తీసుకోవచ్చు కదా అనుకున్నాను. కానీ పెదాలు కదులుతూనే ఉన్నాయి.

"ఎవరితో మాట్లాడుతున్నవమ్మా?" అన్నాను.

"ఏమోనండి. అలవాటైపోయింది." తల ఎత్తి నన్ను చూసింది. "అత్త మాటాడదు. ఈయన ఇంటికొచ్చి అన్నం తిని తొంగుంటాడు. అమ్మోరికి రోజూ సెప్పుకుంటాను, ఇంటాదో లేదో తెలీదు. ఈడు ఇంటన్నాడని డాక్టరుగారన్నారు. ఈడొక్కడేనండి నా మాట ఇనీవోడు. ఈడు కూడా పలకడు."

ఆమె భుజం మీద చెయ్యేసి కూర్చున్నాను. మా ఆయన పోయిన కొత్తలో నేనూ ఖాళీ గదులతో అలాగే మాట్లాడేదాన్ని.

ప్రతి ఆదివారం నేను చర్చి నుంచి వచ్చాక ఆమె పైకొచ్చి నా ఫోను ముందు నిలబడేది. తాళం తీసి ఇచ్చేదాన్ని. వాళ్ల ఊళ్లో కిరాణాకొట్టుకి చేస్తే, కొట్టతను అప్పలకొండమ్మ కోసం కబురు పంపేవాడు. కాసేపాగి మళ్లీ చేస్తే, "పనిలో ఉందట, రాదంటమ్మా" అనేవాడు. ప్రతి వారం అదే పని, అదే జవాబు. ఆమె రిసీవర్ జాగ్రత్తగా పెట్టేసి, "ఎల్లొస్తానండి" అని దిగిపోయేది.

కరెంటు పెట్టడం అయిపోవచ్చింది. వాడు మెడ నిలిపి కూర్చోవడం మొదలుపెట్టాడు. బంతి దొర్లిస్తే చెయ్యి వణుకుతూనే చాచేవాడు. మాట మాత్రం లేదు. ఒక సెలవు రోజు పొద్దున లోవలక్ష్మి తలంటుకుని, ఎండలో మెట్ల మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. పై మెట్టు మీద కూర్చుని నేను బియ్యం ఏరుతున్నాను. వాడిని గోడకి ఆనించి ఎదురుగా కూర్చోబెట్టింది. ఆమె జుట్టు మూడు పాయలు చేసి అల్లుకుంటూ, ఎప్పటిలాగే వాడితో, "ఇదిగో ఈ పాయ ఇలాగ, ఈ పాయ ఇలాగ" అని చెబుతోంది. వాడు ఆ వేళ్లనే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ చెయ్యి ఎత్తి, మెల్లగా తన బోడితల మీద వెనక్కీ ముందుకీ తడుముకున్నాడు.

"జడ" అన్నాడు.

ఊపిరి వదిలినంత సన్నగా వచ్చింది. నా చేతిలోని చేట జారి బియ్యమంతా మెట్ల మీద పడింది. "ఏసయ్యా!" అని అరిచాను. వాడు ఇంకోసారి, ఈసారి కాస్త సాగదీసి, "నా... జడేదీ?" అన్నాడు.

నేను కిందికి దిగి వాడిని ముద్దులు పెట్టుకుంటుంటే లోవలక్ష్మి కదలకుండా కూర్చుంది. సగం అల్లిన జడ చేతిలోనే ఉంది. సంతోషం మొహంలోకి రాబోయి ఆగిపోయింది. వాడు తల్లినే చూస్తూ మళ్లీ అడిగాడు. ఇన్నాళ్లూ వాడి జవాబు కోసం ఈమె ఎదురుచూసింది. ఇప్పుడు వాడు ఈమె జవాబు కోసం చూస్తున్నాడు.

"చెప్పమ్మా, ఏదో ఒకటి చెప్పు" అన్నాను.

"ఏం సెప్పనండి?" ఆమె కళ్ల నీళ్లు కారిపోతున్నాయి. "అమ్మోరికిచ్చేనంటే అబద్ధం. ఇవ్వలేదు కదండీ. సెత్తలో పోయిందని ఈడికెలా సెప్పనండి?"

"అబద్ధమైతే ఏమాయె? పిల్లోడు అడుగుతుండు."

"అమ్మోరి మీద అబద్ధం ఆడలేనండి. ఇంతదాకా వచ్చేక మళ్లీ మాట పోతే?"

ఈ మాటకి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఈ మనిషి మీద కాదు, తునికి అవతల కూర్చుని పనిలో ఉన్నానని కబురు పంపే ఆవిడ మీద. వాడిని ఎత్తుకుని గబగబా పైకెక్కాను. పెట్టె తాళం తీశాను. కిరాణాకొట్టు నంబరు తిప్పాను. "అప్పలకొండమ్మకు చెప్పు, పిల్లోడు మాట్లాడిండు. పని గిని అంటే నేనే రైలెక్కి వస్తా అని చెప్పు. ఉరికి రమ్మను" అని పెట్టేశాను. కాసేపాగి మళ్లీ చేస్తే మొదటి రింగుకే ఎత్తారు. అవతల ఆయాసం వినబడింది. చెప్పుల్లేకుండా పరుగెత్తి వచ్చి ఉంటుంది.

"నాయినా?" అంది. గొంతు పెద్దదని చెప్పాను కదా, గది మొత్తానికి వినబడింది.

రిసీవర్ వాడి చెవికి ఆనించాను. వాడు దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. చాలాసేపు ఏమీ రాలేదు. అవతల ఆయాసం, ఇవతల వాడి ఊపిరి. గుమ్మంలో లోవలక్ష్మి, సగం విడిపోయిన జడతో, లోపలికి రాకుండా నిలబడి ఉంది.

"నానమ్మా... నా జడేదీ?" అన్నాడు.

అవతల ముక్కు ఎగబీల్చిన శబ్దం వచ్చింది.

"అమ్మోరికిచ్చేసేం నాయినా" అంది అప్పలకొండమ్మ. "మీ అమ్మే ఇచ్చింది. తల్లి పుచ్చుకుంది. పుచ్చుకుని నీ మాట నీకిచ్చేసింది. ఏడవకేం?"

వాడు ఏడవలేదు. ఏడ్చింది ఆవిడే. కాస్త తేరుకుని, "ఫోను మీ అమ్మకియ్యి" అంది.

లోవలక్ష్మి వచ్చి రిసీవర్ తీసుకుంది. రెండు చేతులతో, కొడుకు పట్టుకున్నట్టే పట్టుకుంది.

"ఒలే లోవా," అంది అవతలి గొంతు, "ఇంత తిన్నావేటే?"

ఇన్నాళ్లు గోడలతో, తలుపులతో, రైల్లో కొత్తమనుషుల మధ్య మాట్లాడుతూనే ఉన్న మనిషికి ఆ ఒక్క మాటకి జవాబివ్వడానికి నోరు పెగల్లేదు. రిసీవర్ చెవికి గట్టిగా అదుముకుని నేల మీద కూర్చుండిపోయి ఏడ్చింది. నేనే వంగి ఫోను దగ్గర నోరు పెట్టి అరిచాను.

"తినలేదమ్మా! నువ్వు జెర ఆ ఫోను పెట్టకు, నేను అన్నం వడ్డిస్త!"